గోదావరి డెల్టా పాత పేర్లు: గుద్దవాది, వేంగి, కోన. ఒక కేస్ స్టడీ

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. గోదావరి డెల్టా పల్లెలు కోనసీమ, కాకినాడ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల కిందికి వెళ్లాయి. అప్పటి నుంచి ఊరి చరిత్ర రాసే ప్రతివారికీ ఒకే ప్రశ్న ఎదురవుతోంది: మా ప్రాంతానికి ప్రాచీన కాలంలో పేరేమిటి? జవాబు కూడా చాలామంది ఒకటే రాస్తున్నారు: వేంగి. కొన్ని ఊళ్లకు, కొన్ని శతాబ్దాలకు అది సరైన జవాబే. మిగతా ఊళ్లకు, మిగతా శతాబ్దాలకు తప్పు. ఏ ఊరికి ఏ కాలంలో ఏ పేరు చెల్లుతుందో తేల్చే పద్ధతిని ఈ కేస్ స్టడీ డెల్టా ఊళ్ల మీదే నడిపి చూపిస్తుంది.

పరిశీలన హద్దులు ఇవి: ధవళేశ్వరం దిగువ నుంచి సముద్రం దాకా, పడమట కొల్లేరు, పెదవేగి అంచు నుంచి ఈశాన్యాన పిఠాపురం దాకా. ప్రతి పేరుకూ నాలుగు గడులు నింపాలి. ఆ పేరు ఏ సంవత్సరపు ఆధారంలో కనిపిస్తోంది? అది దేశం పేరా, విషయం లేదా నాడు (కొన్ని ఊళ్లు కలిసిన పాత పరిపాలన విభాగం) పేరా, ఊరి పేరా? ఎవరు వాడారు: రాజా, దాత, పరాయి యాత్రికుడా? ఎంత నేలకు వర్తిస్తుంది? ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి ఖాళీగా ఉన్నా ఆ పేరును పట్టికలో పెన్సిలుతోనే ఉంచాలి. పని ఊరి నుంచి మొదలై నాడుకు, నాడు నుంచి దేశానికి ఎక్కాలి. పైనుంచి కిందికి దిగితే ప్రతి ఊరూ వేంగి అయిపోతుంది.

మొదటి మెట్టు: పొలమూరు రాగిరేకులు

డెల్టాలో పని మొదలుపెట్టడానికి పొలమూరు శాసనాలంత అనువైనవి దొరకవు. ఇవి రెండు. మొదటిది విష్ణుకుండి వంశపు రాజు మాధవవర్మది. తూర్పు దిక్కును జయించే కోరికతో బయలుదేరి గోదావరి దాటుతూ, గుద్దవాది విషయంలోని పులోబూమ్ర అనే ఊరిని శివశర్మ అనే పండితుడికి దానమిచ్చాడు. రెండోది తూర్పు చాళుక్య రాజు మొదటి జయసింహవల్లభుడిది, అంటే ఏడో శతాబ్దిది. అదే ఊరిని ఆ శివశర్మ కొడుకు రుద్రశర్మకు మళ్లీ దానమిచ్చాడు. రాజవంశం మారింది, దానం మళ్లీ రాయించుకోవలసి వచ్చింది, ఊరూ విషయమూ మాత్రం అవే పేర్లతో నిలిచాయి. తండ్రీకొడుకుల మధ్య దూరం ఒక్క తరమే కాబట్టి, ఈ మాధవవర్మ ఎవరు, ఏ కాలంవాడు అన్నది విష్ణుకుండి చరిత్రలో పెద్ద చర్చగా మారింది. మన పట్టికకు ఆ చర్చ అడ్డు రాదు. ఏడో శతాబ్దినాటికి గుద్దవాది అనే పేరు స్థిరంగా ఉందని మనకు చాలు.

ఇక ఆ విషయం నేల మీద ఎక్కడ ఉంది? పొరపాట్లు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. పులోబూమ్రే నేటి పొలమూరని గుర్తింపు. కానీ ఇప్పుడు పొలమూరు పేరుతో రెండు ఊళ్లున్నాయి: ఒకటి అనపర్తి మండలంలో, రెండోది పెనుమంట్ర మండలంలో. మధ్యలో గోదావరి పాయలు గౌతమి, వశిష్ఠ రెండూ ఉన్నాయి. పెనుమంట్ర ఊరిని పట్టుకుంటే గుద్దవాది మొత్తం పశ్చిమ డెల్టాకు జరిగిపోతుంది. రేకులు దొరికిన చోటు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. రాగిరేకులు దానం పుచ్చుకున్న కుటుంబంతో పాటు ఊరూరూ తిరుగుతాయి, పొలం దున్నుతుంటే మరో ఊళ్లో బయటపడతాయి.

అందుకే అదే విషయం పేరు ఉన్న మిగతా శాసనాలన్నీ పక్కన పెట్టుకోవాలి. గుద్దవాది పేరు రాజరాజనరేంద్రుడి కోరుమిల్లి శాసనంలో ఉంది, వీరచోడుడి చెల్లూరు శాసనంలో ఉంది, ద్రాక్షారామం గుడి శాసనాల్లో ఉంది. కోరుమిల్లి కపిలేశ్వరపురం దగ్గర, చెల్లూరు రాయవరం దగ్గర, ద్రాక్షారామం రామచంద్రపురం దగ్గర. మూడూ గౌతమికి ఎడమ గట్టునే. అనపర్తి పొలమూరు ఈ మూడింటి గుంపులో సరిగ్గా ఇముడుతుంది, గోదావరి దాటి తూర్పుకు వెళ్లాడన్న మాటకూ సరిపోతుంది. మూడు నాలుగు ఊళ్లు ఇలా ఒకే వైపు కుదిరినప్పుడే విషయం పేరును సిరాతో రాయాలి. గుద్దవాది: ఏడో శతాబ్ది నుంచి పదకొండో శతాబ్ది దాకానైనా, గౌతమి ఎడమ గట్టు, రామచంద్రపురం చుట్టుపక్కల.

దానశాసనంలో విషయం పేరు ఎక్కడ వస్తుందో ముందే తెలిస్తే చదవడం సులువు. తూర్పు చాళుక్యుల రేకుల్లో, వాటిని గుచ్చి కలిపే ఉంగరం మీద ముద్ర ఉంటుంది: శ్రీ త్రిభువనాంకుశ అనే అక్షరాలు, వరాహం, సూర్యచంద్రులు, అంకుశం. లోపల ముందు వంశావళి, ఒక్కో రాజు ఏలిన సంవత్సరాలతో సహా. అది అయ్యాక రాజు ఫలానా విషయంలో కాపురమున్న రాష్ట్రకూటప్రముఖులైన కుటుంబులందరినీ (అంటే పెద్దలు మొదలైన గృహస్థులను; రాష్ట్రకూట వంశం కాదు) పిలిచి ఆజ్ఞాపిస్తున్నాడనే వాక్యం వస్తుంది. విషయం పేరు అక్కడే దొరుకుతుంది. ఆ తర్వాత దానం పుచ్చుకున్నవారి గోత్రం, ఊరి పేరు, తూర్పు నుంచి మొదలుపెట్టి ఎల్లలు. శాసనం సంస్కృతంలో ఉన్నా ఎల్లల దగ్గరికి వచ్చేసరికి తెలుగు మాటలు తొంగిచూస్తాయి: చెఱువు, గుంట, పుట్ట, చింత, పక్క ఊళ్ల పేర్లు. మనకు అసలైన సొత్తు ఆ ఎల్లలే. ఒక ఊరి పేరు మారిపోయినా, నాలుగు వైపులా ఉన్న ఊళ్లలో రెండు పేర్లు మిగిలితే చోటు దొరికినట్టే.

నాడుల పటం

ఇదే పద్ధతిలో మిగతా డెల్టాను నింపుకుంటూ పోతే ఒక విశేషం బయటపడుతుంది. కాలువల శాఖ ఈనాటికీ డెల్టాను తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలుగానే చూస్తుంది. పాత నాడులు కూడా దాదాపు ఆ పాయల మేరకే ఇముడుతున్నాయి. నది గీసిన హద్దులను రాజులు చెరపలేకపోయారన్నమాట.

తూర్పున గుద్దవాది, దానికి ఈశాన్యంగా ప్రోలునాడు. శక సంవత్సరం 1108, అంటే క్రీ.శ. 1186 నాటి పిఠాపురం స్తంభ శాసనంలో వెలనాటి పృథ్వీశ్వరుడి తల్లి జాయాంబిక కుంతీమాధవస్వామి గుడికి ప్రోలునాటిలోని నవఖండవాడను ఇచ్చింది. ఆ ఊరు నేటికీ పిఠాపురం దగ్గర నవఖండ్రవాడగా ఉంది. ఊరు, విషయం, తేదీ, దాత నాలుగూ ఒకేచోట ఇంత శుభ్రంగా దొరకడం అరుదు. కొత్తగా ఈ పని నేర్చుకునేవారు మొదట నింపాల్సిన పట్టిక ఇదే.

పశ్చిమాన అత్తిలినాడు. తూర్పు చాళుక్య రాజు రెండో అమ్మరాజు, అంటే పదో శతాబ్ది నడుమ, సర్వలోకాశ్రయ జినభవనం అనే జైన ఆలయానికి అత్తిలినాటి విషయంలోని కలుచుంబఱ్ఱును ఇచ్చాడు. అత్తిలి పేరు ఈనాటికీ చెక్కుచెదరలేదు. కలుచుంబఱ్ఱు చివర ఉన్న పఱ్ఱు కూడా గరగపర్రు వంటి పశ్చిమ డెల్టా పేర్లలో బతికే ఉంది.

మధ్యన కోన. హైహయ వంశపు కోనమండల పాలకులు మల్లిదేవుడు, మన్మసత్యుడు శక సంవత్సరం 1117లో, అంటే 1195లో, పిఠాపురంలో శాసనం వేయించారు. కాబట్టి కోన పేరు కనీసం పన్నెండో శతాబ్ది నాటిది. అయితే ఆ శాసనం పిఠాపురంలో ఉంది కదా అని పిఠాపురం కోనమండలంలోదని రాయకూడదు. పాలకులు తమ సీమ దాటి పేరున్న గుళ్లకు దానాలు ఇస్తారు. శాసనం ఉన్న చోటు, అందులో చెప్పిన చోటు వేర్వేరు గడుల్లో ఉండాలి.

రాజరాజనరేంద్రుడి నందంపూడి శాసనంలో మరో అచ్చ తెలుగు విషయం పేరుంది: రెండేరుల నడిమి. దానం పుచ్చుకున్నది నారాయణభట్టు, శాసనం రచించింది నన్నయభట్టు. అంబాజీపేట మండలంలో నందంపూడి అనే ఊరు ఉంది, అది రెండు పాయల మధ్యే ఉంది కాబట్టి వెంటనే ముడిపెట్టాలనిపిస్తుంది. పేరు కుదిరింది, భూమి తీరూ కుదిరింది. అయినా రెండేరుల నడిమి అన్న వర్ణన ఈ డెల్టాలో చాలాచోట్లకు సరిపోతుంది. శాసనంలోని ఎల్లల ఊళ్లను కూడా నేల మీద పెట్టి చూసేదాకా ఈ గుర్తింపు పెన్సిలుతోనే ఉండాలి.

వేంగి ఎంత మేర?

వేంగి మొదట ఒక నగరం. ఏలూరుకు ఉత్తరంగా సుమారు 12 కి.మీ. దూరంలో ఉన్న పెదవేగే ఆ చోటు. డెల్టా ఒండ్రు నేల మీద కాకుండా దాని అంచున, మెరక మీద ఉందని గమనించాలి. నాలుగో శతాబ్దిలో సముద్రగుప్తుడి ప్రయాగ స్తంభ శాసనం దక్షిణాది రాజుల జాబితాలో వేంగి హస్తివర్మను, పిష్టపురం మహేంద్రుడిని విడివిడిగా పేర్కొంది. పిష్టపురం నేటి పిఠాపురం. అంటే అప్పటికి డెల్టాకు రెండు అంచులా ఇద్దరు రాజులు. వేంగి శాలంకాయన వంశపు రాజుల చేతిలో ఉంది, తమ శాసనాల్లో వారు చిత్రరథస్వామి భక్తులమని చెప్పుకున్నారు. పిఠాపురం వైపు మాఠర వంశపు శక్తివర్మ పిష్టపురం నుంచి రాగోలు శాసనం వేయిస్తూ తనను కళింగాధిపతి అన్నాడు. కాబట్టి ఆ కాలపు పిఠాపురం ఊళ్లకు వేంగి పేరు పెట్టడం తప్పు. అక్కడ ఏలినవారు చెప్పుకున్న పేరు కళింగ.

ఏడో శతాబ్దిలో పరిస్థితి మారింది. బాదామి చాళుక్య రాజు రెండో పులకేశి పిష్టపురాన్ని పిండి చేశాడని, కునాల సరస్సు నీళ్లు నెత్తురుతో ఎర్రబడ్డాయని శక 556, అంటే 634 నాటి ఐహోళు శాసనంలో రవికీర్తి రాశాడు. ఆ కునాలమే కొల్లేరని చరిత్రకారుల గుర్తింపు. తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడితో తూర్పు చాళుక్య రాజ్యం నిలదొక్కుకున్నాక వేంగి నగరం పేరు దేశం పేరైంది. ఉచ్ఛదశలో ఆ దేశం సుమారుగా ఉత్తరాన మహేంద్రగిరి కొండ నుంచి దక్షిణాన మన్నేరు నది దాకా, అంటే డెల్టాకు ఎన్నో రెట్లు. అదే శతాబ్దిలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ దేశాన్ని ఆంధ్రమని, దాని రాజధానిని వేంగికి దగ్గరగా వినిపించే పేరుతోను రాసుకున్నాడు. ఒకే నేలకు ఒకే కాలంలో రాజు వాడిన పేరు ఒకటి, యాత్రికుడు విన్న పేరు ఇంకొకటి. రెండూ పట్టికలో ఉండాలి, ఒకదాన్ని కొట్టేసి మరొకటి రాయకూడదు.

రాజధాని రాజమహేంద్రవరానికి మారాక కూడా దేశం పేరు వేంగిగానే సాగింది. రాజమహేంద్రపురాన్ని వేంగీదేశానికి నాయకరత్నం వంటిదని నన్నయ పదకొండో శతాబ్దిలో వర్ణించాడు. అందుచేత వేంగి అని కనిపించిన ప్రతిచోటా నగరమా, రాజ్యమా అని తేల్చుకున్నాకే గడి నింపాలి.

వేంగికి ముందు

వెనక్కు వెళ్లేకొద్దీ ఆధారాలు పలచబడతాయి, ఊహలు చిక్కబడతాయి. అశోకుడి 13వ శిలాశాసనంలో ఆంధ్రులు ఉన్నారు, కానీ అది ప్రజల పేరు, ఎల్లలు లేవు. పల్లవ శివస్కందవర్మ మైదవోలు శాసనంలోని అంధాపథం ధాన్యకటకం కేంద్రంగా ఉన్న సీమ, కృష్ణ వైపుది. దాన్ని గోదావరి పాయల దాకా సాగదీయడానికి వేరే ఆధారం కావాలి. బౌద్ధ గ్రంథం సుత్తనిపాతంలో బావరి అనే బ్రాహ్మణ గురువు గోదావరి ఒడ్డున ఉన్నాడని ఉంది కాబట్టి అది కోనసీమ అని రాసేవారున్నారు. ఆ కథలో చెప్పిన అస్సక, ములక దేశాలు ఎగువ గోదావరివి. గోదావరి అన్న మాట కనబడగానే డెల్టా అనుకోవడం ఈ పనిలో అన్నిటికంటే సాధారణమైన పొరపాటు.

డెల్టా అంచున గట్టి ఆధారాలు గుంటుపల్లిలో, కొడవలిలో ఉన్నాయి. గుంటుపల్లి శాసనంలో మహామేఘవాహన వంశపు సిరిసద తనను కళింగ మహిషకాధిపతి అని చెప్పుకున్నాడు. కొడవలి గుట్ట మీద శాతవాహన చండశాతకర్ణి కాలపు శాసనం ఉంది. మామిడికుదురు మండలం ఆదుర్రులో బౌద్ధ స్తూపం మధ్య డెల్టాలో ప్రాచీన జనావాసాన్ని రుజువు చేస్తుంది. అయితే స్తూపం కాలాన్ని చెబుతుంది, సీమ పేరును చెప్పదు.

రెండో శతాబ్ది గ్రీకు భూగోళవేత్త టాలెమీ ఈ తీరంలో మైసోలియా అనే సీమను, లోపల సలకెనోయ్ జనుల బెనగౌరాన్‌ను పేర్కొన్నాడు. బెనగౌరాన్ వేంగిపురమని, సలకెనోయ్ శాలంకాయనులని పండితుల ఊహ. టాలెమీ రేవులను నేటి తీరం వెంట వెతకడం వృథా. నది ఒండ్రు పోస్తూ తీరాన్ని ముందుకు నెడుతూనే ఉంది. ఒకప్పుడు సముద్రపు పాయతో కలిసి ఉన్న కొల్లేరు ఇప్పుడు తీరానికి సుమారు 35 కి.మీ. లోపల ఉంది. పాత రేవును లోపలి ఇసుక మేటల వరసల మీద వెతకాలి.

తరువాతి పేర్లు, జిల్లాల చిక్కు

1323లో ఓరుగల్లు పడ్డాక వచ్చిన ముసునూరి ప్రోలయనాయకుడి విలస శాసనంలో దేశం పేరు తిలింగం. రెడ్డిరాజుల కాలంలో రాజమహేంద్రవరం రాజ్యం. తురకల ఏలుబడిలో రాజమండ్రి సర్కారు, ఏలూరు సర్కారు. 1766లో నిజాంతో ఒప్పందం తరువాత ఈ సర్కార్లు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. ఇవన్నీ పరిపాలన పేర్లు, తేదీలు స్పష్టం, గొడవ తక్కువ.

గొడవ జిల్లాలతోనే. 1859లో గోదావరి, కృష్ణా జిల్లాలు ఏర్పడ్డాయి. 1904లో ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాలు కృష్ణా జిల్లాలో కలిశాయి. 1925లో అవి పశ్చిమ గోదావరి జిల్లాగా విడివడ్డాయి, మిగిలిన గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయింది. దీనివల్ల భీమవరం ప్రాంతపు శాసనం 1890 నాటి శాసనాల నివేదికలో గోదావరి జిల్లాలో, 1910 నివేదికలో కృష్ణా జిల్లాలో, 1930 నివేదికలో పశ్చిమ గోదావరిలో కనిపిస్తుంది. మూడూ ఒకటే రాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 తరువాత తూర్పు గోదావరి అనే పేరు నిలిచింది, విస్తీర్ణం మాత్రం పూర్తిగా మారింది. అందుచేత నివేదిక నుంచి ఊరిని ఎత్తి రాసేటప్పుడు నివేదిక సంవత్సరం, అందులోని జిల్లా, తాలూకా, నేటి మండలం, జిల్లా అన్నీ పక్కపక్కనే రాయాలి. పాత ఇంగ్లీషు నివేదికల్లో ఎల్లోరు, కోకనాడ, పిట్టాపూర్, కిస్ట్నా అన్న వికృత రూపాలే ఉంటాయి. వాటినీ పట్టికలో చేర్చకపోతే సూచికలో వెతికినప్పుడు శాసనం దొరకదు.

ద్రాక్షారామం దగ్గర ఈ చిక్కు పూర్తిగా కనిపిస్తుంది. 2022లో అది కోనసీమ జిల్లాలోకి వచ్చింది. ఇక ద్రాక్షారామం ప్రాచీన కోనసీమ క్షేత్రమని రాయడం మొదలైంది. శాసనాల ప్రకారం అది గుద్దవాది. గౌతమి ఆవలి గట్టు కోన, ఈవలి గట్టు గుద్దవాది. ఈ ఒక్క వాక్యం సరిదిద్దడానికైనా పట్టిక పడిన శ్రమకు విలువ ఉంది.

తేదీ, నకలు: చేయి జారే చోట్లు

శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. తిథి పుష్యం, మాఘం, ఫాల్గుణంలో పడితే జనవరి దాటిపోయి ఉండవచ్చు, అప్పుడు 79 కలపాలి. శాసనం చెప్పింది గడిచిన సంవత్సరమా, నడుస్తున్నదా అన్నది చూడకపోతే ఒక ఏడాది తేడా వస్తుంది. వారం, తిథి, గ్రహణం ఉంటే పంచాంగ గణితంతో సరిచూడవచ్చు. అంకెలకు బదులు మాటలుంటే కుడి నుంచి ఎడమకు చదవాలి. ఉదాహరణకు గిరి, శశి, శశి, శశి అని ఉంటే (కొండలు ఏడు, చంద్రుడు ఒకడు) 7, 1, 1, 1. తిరగేస్తే 1117.

గుడి రాతి మీది అక్షరాలను ఫోన్ ఫోటోతో చదవబోతే సున్నం పూత, నూనె జిడ్డు మోసం చేస్తాయి. పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు వెలుగులో తీసిన ఫోటో కొంత మేలు. నకలు, అంటే రాతి అక్షరాల అచ్చును కాగితం మీద తీయాలంటే, ముందు అనుమతి తీసుకోవాలి, రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖది తప్పనిసరి. రాతిని నీళ్లతో, మెత్తని బ్రష్షుతో కడగాలి. ఇనుప బ్రష్షు, యాసిడ్ తాకించకూడదు, అవి అక్షరాల అంచులను తినేస్తాయి. జిగురు పెట్టని చేతికాగితాన్ని తడిపి రాతికి అంటించి, గట్టి కుచ్చుల బ్రష్షుతో గాలిబుడగ లేకుండా కొట్టాలి, కాగితం అక్షరాల గుంతల్లోకి దిగాలి. సగం ఆరాక దీపపు మసి, బంక కలిపిన సిరాను గుడ్డ ఉండతో పలచగా అద్దాలి. తడి ఎక్కువుంటే సిరా గుంతల్లోకి పాకి అక్షరం మాయమవుతుంది. పూర్తిగా ఎండితే కాగితం దానంతటదే ఊడిపోయి అద్దకం సాగదు. డెల్టాలో గాలి తేమ వల్ల ఆరడం ఆలస్యం, వానాకాలంలో ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది.

చదివేటప్పుడు ఱ, ర తేడాను పోగొట్టకూడదు. చోఴ చోడ అయినట్టు ఴ తరువాత వేరే అక్షరంగా మారింది, కాబట్టి పాత ఊరి పేరులో ఆ అక్షరం ఉంటే నేటి పేరును డ, ల, ర మూడింటి కిందా వెతకాలి. స్థలపురాణాలను పక్కన పారేయనక్కర్లేదు. వాటికి వేరే గడి ఉంచి, కథ ఎప్పటి నుంచి వినిపిస్తోందో రాసి పెట్టాలి. శాసనం గడిలోకి మాత్రం రానీయకూడదు.

చివరగా ఊరి బోర్డు మీద ఏమి రాయాలి? ద్రాక్షారామానికైతే ఇలా: తూర్పు చాళుక్యుల కాలంలో వేంగీ దేశం, గుద్దవాది విషయం, 1859 నుంచి గోదావరి జిల్లా, 1925 నుంచి తూర్పు గోదావరి జిల్లా, 2022 నుంచి కోనసీమ జిల్లా. నవఖండ్రవాడకు: 1186లో ప్రోలునాడు, నవఖండవాడ. నందంపూడి బోర్డు మీద రెండేరుల నడిమి అన్న పేరు రాస్తే, పక్కన గుర్తింపు పరిశీలనలో ఉందని కూడా రాయాలి. ఎల్లల ఊళ్లు కుదిరాక ఆ మాట తీసేయవచ్చు.